కడిగాక మిగిలిందే సాక్ష్యం: మార్పు చెందిన సెల్యులోజ్ గురించి వర్ణపటం ఏం చెబుతుంది?

(సూరత్ ఇచ్ఛాపూర్‌లో తెలుగు కుటుంబాల సమక్షంలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో, ఆ మాస్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా అద్దకపు మిల్లుల ప్రయోగశాలల్లో పని నేర్చుకోవడానికి వచ్చిన మన పిల్లలందరికీ ఆయన మాస్టారే. నమూనా పట్టుకుని యంత్రం దగ్గరకు వెళ్ళే ఎవరినైనా ఆయన ముందు అడిగేది ఒకటే: "కడిగావా?" ఆ ప్రశ్నలో ఎంత రసాయనశాస్త్రం ఉందో చెప్పడమే ఈ రోజు నా పని.

నా మాట ముందే చెప్పేస్తాను. వర్ణపటంలో ఒక కొత్త శిఖరం కనిపించినంత మాత్రాన సెల్యులోజ్ మారిపోయిందని అనలేం. ఆ శిఖరం ఏ బంధానిది అన్నది ఒక ప్రశ్న. ఆ బంధం సెల్యులోజ్‌తోనే ఏర్పడిందా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి యంత్రం జవాబిస్తుంది. రెండోదానికి నమూనా తయారు చేసిన మనిషే జవాబు సంపాదించుకోవాలి.

మన బతుకుల్లో సెల్యులోజ్

కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేత కుటుంబాలు సూరత్‌కు వచ్చి తరాలు గడిచాయి. వచ్చినవాళ్ళు మరమగ్గాల మీద నేసింది ఎక్కువగా ఆర్ట్ సిల్క్. ఆ మాట ఒకప్పుడు ముఖ్యంగా రేయాన్‌కు చెల్లేది, పాలియెస్టర్ రాజ్యం తరువాత వచ్చింది. రేయాన్ అంటే సెల్యులోజే. ఇక్కడి ఉధ్నాలో బరోడా రేయాన్ కర్మాగారం విస్కోస్ నూలు తీసిన రోజులు ఈ సభలో పెద్దలకు గుర్తుంటాయి.

ఆ నూలుకు మూలమైన చెట్టుగుజ్జు తయారీలోనూ మన ప్రాంతానికి పాత్ర ఉంది. గోదావరి ఒడ్డున మంగపేట దగ్గరి కమలాపురంలో ఏపీ రేయాన్స్ పేరుతో మొదలైన మిల్లు రేయాన్‌కు పనికొచ్చే గుజ్జును తయారుచేసింది. 2014లో అది ఆగిపోయినప్పుడు ఎన్ని ఇళ్ళు చెదిరిపోయాయో ఆ ప్రాంతంవాళ్ళకు చెప్పనక్కరలేదు. కాగజ్‌నగర్‌లో సిర్‌సిల్క్ ఉండేది. అక్కడ తీసింది విస్కోస్ కాదు, అసిటేట్ రేయాన్. 1980ల నడుమ అదీ మూతపడింది.

విస్కోస్‌కూ అసిటేట్‌కూ మధ్య తేడా ఈ ఉపన్యాసానికి చాలా ముఖ్యం. విస్కోస్ తయారీలో సెల్యులోజ్‌ను క్షారంతో, కార్బన్ డైసల్ఫైడ్‌తో కలిపి కరిగే పదార్థంగా మారుస్తారు. సన్నని రంధ్రాల గుండా ఆమ్లంలోకి వదిలితే అది మళ్ళీ సెల్యులోజే అవుతుంది. అంటే మార్పు తాత్కాలికం. అసిటేట్‌లో మాత్రం ఎసిటిక్ ఆమ్లపు ముక్క సెల్యులోజ్‌కు అతుక్కుని అలాగే ఉండిపోతుంది. చూడడానికి రెండూ మెరిసే దారాలే. వర్ణపటంలో మాత్రం దేని దారి దానిదే.

మూడు హైడ్రాక్సిళ్ళు, ఒక లెక్క

1838లో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్సెల్మ్ పయెన్ మొక్కల నుంచి వేరుచేసిన సెల్యులోజ్ గ్లూకోజ్ ముక్కలు వరసగా కూడిన పొడవాటి గొలుసు. ఒక్కో ముక్క అణుభారం 162. ప్రతి ముక్కలోనూ చర్యకు సిద్ధంగా ఉన్న హైడ్రాక్సిళ్ళు మూడు: రెండో కార్బన్ మీద, మూడో కార్బన్ మీద, ఆరో కార్బన్ మీద. రంగు పట్టడం, నీరు పీల్చడం, ముడతలు పడడం, అసిటేట్‌గా మారడం అన్నీ వీటి పుణ్యమే.

ఈ మూడింటిలో సగటున ఎన్ని మారాయన్నదే ప్రతిక్షేపణ స్థాయి. ఏమీ మారకపోతే 0, అన్నీ మారితే 3. అసిటేట్‌లో ఈ స్థాయి 3కు చేరితే బరువులో అసిటైల్ భాగం 44.8 శాతం. 2.5 దగ్గర ఆగితే సుమారు 40.3 శాతం. మొదటిది ట్రైఅసిటేట్, అసిటోన్‌లో కరగదు. రెండోదానికి దగ్గరగా ఉండేది దుస్తుల అసిటేట్, అసిటోన్‌లో కరుగుతుంది. అర స్థాయి తేడాతో ద్రావణి మారిపోయింది, దానితో నూలు తీసే పద్ధతీ మారిపోయింది. "మారింది" అని చెప్పి ఊరుకుంటే చాలదు, "ఎంత మారింది" అని చెప్పగలగాలి అనడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

వెలుగు ఏం చూస్తుంది?

అణువుల్లోని బంధాలు నిరంతరం కంపిస్తుంటాయి. ఒక్కో బంధానికి ఒక్కో వేగం. ఆ వేగానికి సరిపోయిన పరారుణ కాంతి తగిలితే బంధం దాన్ని మింగేస్తుంది. ఏయే చోట్ల కాంతి తగ్గిందో గీసిన పటమే పరారుణ వర్ణపటం. నేను చెప్పే అంకెలు తరంగ సంఖ్యలు, అంటే ఒక సెంటీమీటరు నిడివిలో ఇమిడే తరంగాల లెక్క.

మామూలు పత్తిలో 3340 ప్రాంతంలో వెడల్పాటి హైడ్రాక్సిల్ పట్టీ ఉంటుంది. 2900 దగ్గర కార్బన్–హైడ్రోజన్ బంధాలు, 1430, 1370 దగ్గర వాటి వంపులు, 1160 నుంచి 1030 వరకూ కార్బన్–ఆక్సిజన్ బంధాల గుంపు, 897 దగ్గర గ్లూకోజ్ ముక్కలను కలిపే లంకె గుర్తు. పత్తిలో 1430 శిఖరం స్పష్టంగా ఉంటుంది. విస్కోస్‌లో అది తగ్గి కాస్త కిందికి జరుగుతుంది, 897 బలపడుతుంది. గొలుసుల అమరిక మారిందని ఆ రెండూ కలిసి చెబుతాయి. 1640 దగ్గర మరో చిన్న శిఖరం ఉంటుంది. అది సెల్యులోజ్‌ది కాదు, సెల్యులోజ్ పీల్చుకున్న నీటిది. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

కాంతిని మింగడం ఒక దారి అయితే, చెదరగొట్టడం ఇంకో దారి. 1928లో సి.వి. రామన్ కనుగొన్న ఫలితం అది. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం రామన్ దగ్గర పనిచేసి, తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఈ శాస్త్రాన్ని పెంచారు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితాల మీద 1940లో గ్రంథం రాశారు. టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన 1948లో ప్రకటించిన సమూహ సిద్ధాంత గ్రంథం, ఏ కంపనం పరారుణంలో కనిపిస్తుందో ఏది రామన్‌లో కనిపిస్తుందో లెక్కగట్టే విద్యను ఎందరికో నేర్పింది. అదే వాల్తేరులో కె. రంగధామరావు పరమాణు వర్ణపటాలకు పెద్ద పాఠశాలే నిలబెట్టారు. వర్ణపట శాస్త్రం మన ఇంట్లో పెరిగిన విద్య. ఈ మాట ఇక్కడి మన పిల్లలకు తెలియాలి.

రామన్ పద్ధతిలో నీటి గుర్తు చాలా బలహీనం కాబట్టి తడి దారాన్ని కూడా చూడవచ్చు. అది గొప్ప సౌకర్యం. అయితే రంగు పూసిన బట్ట మీద లేజర్ పడితే ప్రతిదీప్తి లేచి శిఖరాలను ముంచేస్తుంది. అందుకే అలాంటి నమూనాలకు 1064 నానోమీటర్ల లేజర్ వాడతారు.

వజ్రపు కిటికీ

ఇచ్ఛాపూర్‌లో నిలబడి వజ్రం మాట ఎత్తకుండా ఉండలేను. జెమ్ అండ్ జ్యువెలరీ పార్కు ఇక్కడే ఉంది. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో అధిక భాగం సూరత్ చేతుల మీదుగానే పోతాయి. బట్టను పరిశీలించే నేటి ఎఫ్‌టీఐఆర్ పరారుణ వర్ణపట యంత్రాల్లో నమూనాను నొక్కిపెట్టే చిన్న పలక చాలాసార్లు వజ్రమే. గీతపడదు, ఆమ్లానికి చెడదు. కాంతి ఆ వజ్రం లోపల పరావర్తనం చెందుతూ, పైన ఆనించిన బట్టలోకి ఒకటి రెండు మైక్రోమీటర్ల లోతు మాత్రమే తొంగిచూసి వెనక్కి వస్తుంది. పత్తి నార వెడల్పు అంతకు చాలా రెట్లు. అంటే మనం చూస్తున్నది నార పైపొరనే. అంచున జరిగిన చర్య పెద్దగా కనిపిస్తుంది, లోపల జరిగింది కనిపించదు. పైగా వజ్రం తానే 1900 నుంచి 2300 వరకూ కాంతిని మింగుతుంది. సయనోఇథైల్ చేసిన పత్తిలో 2250 దగ్గర రావలసిన నైట్రైల్ శిఖరం సరిగ్గా ఆ చోటులోనే పడుతుంది. కిటికీకి కూడా దాని సొంత మరక ఉంటుందని గుర్తుంచుకోవాలి.

వజ్రాల శాస్త్రంలోనే మనకు ఇంకో పాఠం ఉంది. రాబర్ట్‌సన్, ఫాక్స్, మార్టిన్ 1934లో కాంతి శోషణను బట్టి వజ్రాలను రెండు రకాలుగా విడదీశారు. నైట్రోజన్ ఉన్నవి ఒక రకం, దాని జాడ దొరకనివి రెండో రకం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల ప్రాంతం నుంచి పోయిన గోల్కొండ వజ్రాల్లో పేరుపడ్డవి రెండో రకానివి. ఈనాడు వాయువు నుంచి ప్రయోగశాలలో పెంచే వజ్రాలూ ఎక్కువగా రెండో రకానివే. పరారుణ పటం చూసి "రెండో రకం" అనగలం. "గనిలోది" అని మాత్రం అనలేం. దానికి కాంతిదీప్తి లాంటి రెండో పరీక్ష కావాలి. ఈ ఊళ్ళో రత్నపరీక్షకులు రోజూ పాటించే ఈ నియమాన్ని బట్టల ప్రయోగశాలల్లోనూ పాటించాలని నా కోరిక.

అంటుకుందా, అతుక్కుందా?

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. సెల్యులోజ్ అసిటేట్ వర్ణపటంలో మూడు శిఖరాలు పైకి లేస్తాయి: 1740 దగ్గర ఎస్టర్ కార్బొనిల్, 1370 దగ్గర మిథైల్, 1235 దగ్గర అసిటైల్ కార్బన్–ఆక్సిజన్. వాటితోపాటు 3340 దగ్గరి హైడ్రాక్సిల్ పట్టీ తగ్గాలి. పెరిగినవాటిని మాత్రమే చూసి తగ్గవలసినదాన్ని చూడనివారు సగం వర్ణపటమే చదివినట్టు. మిగిలిపోయిన ఎసిటిక్ ఆమ్లం 1710 ప్రాంతంలో, చర్యకు వాడిన ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ 1820 దగ్గర కనబడితే నమూనా ఇంకా కడగలేదని అర్థం.

ఇదే జ్ఞానం పాత సినిమా ఫిల్ములకూ పనికొస్తుంది. మన తొలి టాకీల కాలంలో ఫిల్ము సెల్యులోజ్ నైట్రేటు, మంట అంటుకుంటే ఆగనిది. తరువాత ట్రైఅసిటేట్ వచ్చింది. నైట్రేటు 1650, 1280, 840 దగ్గర తన గుర్తులు చూపిస్తుంది, అసిటేట్ 1740, 1235 దగ్గర. పాత డబ్బా తెరవగానే పుల్లటి వాసన వస్తే అసిటైల్ ముక్కలు ఊడి ఎసిటిక్ ఆమ్లం అవుతున్నాయన్నమాట. 1740 తగ్గుతూ హైడ్రాక్సిల్ పట్టీ పెరుగుతుంది. మన సినిమా చరిత్రలో మిగిలిన కాస్తనూ కాపాడుకోవాలంటే ఏ రీలును ముందు చల్లని గదికి చేర్చాలో ఈ పటం చెబుతుంది.

రెండో ఉదాహరణ ముడతలు పడని బట్ట. ఇందుకు వాడే పాత రెజిన్లు ఫార్మాల్డిహైడ్‌ను వదులుతాయి. దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా తేల్చింది. మిల్లులో ఆ గాలి పీల్చేది మనవాళ్ళే. బదులుగా సిట్రిక్ ఆమ్లం వంటి బహుకార్బాక్సిలిక్ ఆమ్లాలు వాడవచ్చు. బట్టకు పట్టించి, 160 నుంచి 180 డిగ్రీల వేడిలో ఉంచితే అవి హైడ్రాక్సిళ్ళతో ఎస్టర్‌గా కలిసి గొలుసులను ఒకదానికొకటి లంకె వేస్తాయి. చిక్కు ఏమిటంటే, ఎస్టర్ కార్బొనిల్, చర్యలో పాల్గొనని ఆమ్లపు కార్బొనిల్ రెండూ 1725 చుట్టూ కలిసిపోతాయి. వేడి చేయకుండా ఆమ్లం ఊరికే పూసిన బట్ట కూడా అక్కడ శిఖరం చూపిస్తుంది.

దీనికి జార్జియా విశ్వవిద్యాలయంలో చార్ల్స్ యాంగ్ వాడిన ఉపాయం చాలా అందమైనది. నమూనాను పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో కొద్దిసేపు ముంచి తీస్తే స్వేచ్ఛగా ఉన్న ఆమ్లం లవణమై, దాని శిఖరం 1580 దగ్గరికి జారిపోతుంది. 1725 దగ్గర మిగిలిందే ఎస్టర్. ఒక ముంపుతో రెండు ప్రశ్నలు విడిపోయాయి. "కడిగావా?" అన్న మాస్టారి ప్రశ్నకు ఇంతకంటే గొప్ప సమాధానం నాకు తెలియదు.

మూడోది పడుగుకు గంజి పెట్టడంలో వాడే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్. దాని లవణరూపం 1595 దగ్గర, 1415 దగ్గర శిఖరాలు ఇస్తుంది. 1595కు పక్కనే నీటి 1640 కూర్చుని ఉంటుంది. సూరత్ వానాకాలంలో, తాపీ మీది గాలికి నూలు బరువులో ఎనిమిది శాతానికి పైగా నీరు పీల్చుకున్నప్పుడు, ఆ రెండూ కలిసిపోయి చూసేవాణ్ని మోసం చేస్తాయి. ఆరబెట్టి చూడాలి. అప్పటికీ అనుమానం ఉంటే ఆమ్లంతో తడిపి కడగాలి. కార్బాక్సిలేట్ అయితే 1730కి జరుగుతుంది. నీరైతే ఎక్కడికీ జరగదు.

నాలుగోది రియాక్టివ్ రంగులు. ఐసీఐ సంస్థ శాస్త్రవేత్తలు రాటీ, స్టీఫెన్ 1950లలో కనిపెట్టగా 1956లో మార్కెట్లోకి వచ్చిన ఈ రంగులు సెల్యులోజ్‌తో నేరుగా బంధం కలుపుకుంటాయి. కానీ అద్దకం తొట్టిలో రంగుకు పోటీగా నీరు కూడా ఉంది. కొంత రంగు నీటితోనే చర్య జరిపి చచ్చిపోతుంది. అది బట్టకు అంటుకుంటుంది, అతుక్కోదు. కంటికి రెండూ ఒకటే ఎరుపు. పరావర్తన కాంతితో కొలిచినా ఒకటే. పరారుణంలోనా, బట్ట బరువులో ఒకటి రెండు శాతం ఉన్న రంగు సెల్యులోజ్ శిఖరాల కింద మునిగిపోతుంది. ఇక్కడ నమ్మదగినది సబ్బునీటిలో మరిగించి, ఆ నీటిలో ఎంత రంగు వచ్చిందో దృశ్యకాంతి వర్ణపటంతో కొలవడం. తొట్టిలో పోసినది, తొట్టిలో మిగిలినది, సబ్బునీటిలో వదిలినది, ఈ మూడు అంకెలు ఉంటే బట్టకు నిజంగా అతికింది ఎంతో తేలిపోతుంది. అతకనిదంతా ఎక్కడికి పోతుంది? కాలువలోకి, శుద్ధి కేంద్రంలోకి. ఈ లెక్క ఒక్క నాణ్యతకు సంబంధించింది కాదు, నీళ్ళకు సంబంధించింది కూడా.

మార్చకముందు ఏముంది?

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎ. వరదరాజులు బృందం హిల్డెగార్డియా చెట్టు నార మీద పనిచేసింది. చాలా అరుదైన చెట్టు అది. క్షారంతో శుద్ధి చేసినప్పుడు అలాంటి నారల్లో హెమిసెల్యులోజ్ కరిగిపోయి, 1730 ప్రాంతంలో ఉన్న శిఖరం మాయమవుతుంది.

ఈ చిన్న సంగతిలో పెద్ద హెచ్చరిక ఉంది. పచ్చి నారలో, ఎవరూ ఏ రసాయనమూ కలపకముందే, అక్కడ కార్బొనిల్ శిఖరం ఉంది! అరటి, జనుము, గోగు నారలకూ ఇంతే. అలాంటి నారను ఎన్‌హైడ్రైడ్‌తో కలిపి, 1735 చూపించి, "ఎస్టర్ అయింది" అంటే ఎలా నమ్మాలి? మార్చని నమూనా పటం పక్కన లేని వర్ణపటానికి సాక్ష్యంగా విలువ లేదు. రసాయనం తప్ప మిగతా అన్ని మెట్లూ, అదే ద్రావణి, అదే వేడి, అదే కడుగు, దాటివచ్చిన నమూనా ఇంకొకటి ఉండాలి.

రెండో సాక్షి

పరారుణం ఒక్కటే చాలని చోట ఇంకెవరిని పిలవాలి? ఘనస్థితి ఎన్‌ఎమ్‌ఆర్ గొలుసులోని కార్బన్లను విడివిడిగా చూపిస్తుంది: మొదటి కార్బన్ 105 పీపీఎం దగ్గర, నాలుగో కార్బన్ స్ఫటికంలో 89, అమరిక లేని చోట 84 దగ్గర. అసిటేట్ కార్బొనిల్ 170 దగ్గర, మిథైల్ 20 దగ్గర వస్తాయి. ఏ హైడ్రాక్సిల్ ముందు మారిందో అంచనాకు రావచ్చు. అయితే మామూలుగా వాడే పద్ధతిలో శిఖరాల ఎత్తు నేరుగా పరిమాణానికి సమానం కాదు.

ఎక్స్‌రే ఫొటోఎలక్ట్రాన్ పద్ధతి పది నానోమీటర్ల లోపలి పైపొరను చూస్తుంది. శుద్ధ సెల్యులోజ్‌లో ప్రతి ఆరు కార్బన్లకు అయిదు ఆక్సిజన్లు, అంటే నిష్పత్తి 0.83. అది తగ్గితే ఏదో చేరింది. కానీ గాలిలోని జిడ్డు చేరినా తగ్గుతుంది.

ఇక చవకైన సాక్షులు ఉన్నారు. అసిటేట్‌ను క్షారంతో విడగొట్టి మిగిలిన క్షారాన్ని టైట్రేషన్‌లో కొలిస్తే ప్రతిక్షేపణ స్థాయి నేరుగా వస్తుంది. ఉప్పు తక్కువతో అద్దడానికి కేటయానిక్ చేసిన పత్తిలో 1480 దగ్గరి చిన్న గుర్తు కోసం కళ్ళు చించుకోవడం కన్నా, కెల్డాల్ పద్ధతిలో నైట్రోజన్ కొలవడం మేలు. బ్యూరెట్‌ను చిన్నచూపు చూడకండి. కోటి రూపాయల యంత్రం చెప్పినదాన్ని నిలబెట్టేది చాలాసార్లు అదే.

ఇక్కడి పిల్లలకు

మీ తాతలు మరమగ్గాల మీద నిలబడ్డారు. మీలో చాలామంది ఇప్పుడు రసాయనశాస్త్రం చదివి మిల్లు ప్రయోగశాలలకు, రంగుల కంపెనీలకు వెళుతున్నారు. బట్ట మీద "రంగు పోదు", "ముడత పడదు", "ఫార్మాల్డిహైడ్ లేదు" అని అచ్చయ్యే ప్రతి మాట వెనకా మీలో ఎవరిదో సంతకం ఉంటుంది. ఆ బట్ట పసిబిడ్డ ఒంటి మీదికి చేరుతుంది. అందుకే ఈ విషయాన్ని నేను సాంకేతిక వివరంగా మాత్రమే చూడలేను.

ప్రతి వర్ణపటం కింద మూడు పంక్తులు రాసే అలవాటు చేసుకోండి: మార్చని నమూనా ఏది, దేనితో ఎన్నిసార్లు కడిగారు, రెండో పరీక్ష ఏది. శిఖరాలను పోల్చేటప్పుడు మారని శిఖరం ఒకదాన్ని కొలబద్దగా పెట్టుకోండి. నునుపు చేసిన గీతతోపాటు యంత్రం ఇచ్చిన అసలు గీతనూ దాచండి. పై అధికారి తొందరపెట్టినా కడగని నమూనా మీద తీర్పు రాయకండి.

మాస్టారి స్మారక నిధి నిర్వాహకులకు ఒక విన్నపం. సూరత్‌లో దొరికే కోరా పత్తి, విస్కోస్, అసిటేట్, వాటి మీద వాడే గంజులు, ఫినిష్‌లు, వీటి వర్ణపటాలను కడగకముందు, కడిగాక తీసి, తెలుగులోనూ గుజరాతీలోనూ వివరణ రాసి విద్యార్థులందరికీ అందుబాటులో పెట్టండి. సూరత్‌లో కృత్రిమ వస్త్ర పరిశోధన కోసమే పనిచేస్తున్న మంత్రా వంటి సంస్థల తలుపు తట్టండి. ఒక ఏడాది వడ్డీతో మొదలుపెట్టగలిగే పని ఇది. మొదటి సంపుటానికి కావలసిన నమూనాలను కడిగి, ఆరబెట్టి, టైట్రేషన్ అంకెలతో సహా ఇచ్చే బాధ్యత నాది. మిగతా పనికి చేతులు ఈ సభలోనే ఉన్నాయి.